పురుగులింట్లో పాత టీవీ

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళు: నాయన, అమ్మ, నాయన తల్లి అక్కమ్మవ్వ, నేను. చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన పెద్దనాయన మంజునాథ, ఆయన కొడుకు రూపేష్ అన్న. పెరట్లో పురుగులింట్లో ఎనభై వేల పట్టుపురుగులు. హాల్లో రెండు టీవీలు, ఒకటి గోడ మీద, ఒకటి నేల మీద. నేల మీద ఉన్నది నాది. అది నాదని ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. నేనే అంటున్నాను.

గోడ మీదది పెద్దనాయన తెచ్చాడు. ఆయనకు చిక్కబళ్ళాపురంలో హార్డువేరు అంగడి ఉంది. శనివారం సాయంత్రం కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని తెచ్చి, తనే గోడకు రంధ్రాలు వేసి బిగించాడు. "నా తమ్ముని ఇంట్లో ఇంగా డబ్బా టీవీ ఉండాదంటే నాకే నామోషీ" అన్నాడు. అందులో చెడు ఏమీ లేదు. పెద్దనాయన ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి తెస్తాడు. పోయినసారి మిక్సీ తెచ్చాడు. ఆయన తెచ్చిన కొత్తది లోపలికి వస్తే పాతది బయటికి పోవాలి, అంతే. అమ్మ రోలు అట్లాగే పోయింది.

డబ్బా టీవీని బల్ల మీద నుంచి దించినప్పుడు వెనక గోడ మీద సుద్దగీతలు బయటపడ్డాయి.

"ఈ గీతలేమి?" అన్నాడు పెద్దనాయన.

"నా గుడ్లు" అంది అవ్వ.

నిజంగానే అవి అవ్వ గుడ్లు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు అవ్వ కంటి ఆపరేషనుకు చింతామణి వెళ్ళి, వస్తూ వస్తూ అక్కడి బొమ్మల అంగట్లో నాకొక టీవీ గేమ్ కొనుక్కొచ్చింది. బూడిద రంగు పెట్టె, రెండు రిమోట్లు, ఒక పసుపు రంగు క్యాసెట్. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉంది. ఉన్నవి ఏడే. మిగతావన్నీ ఆ ఏడే, పేర్లు మార్చి, రంగులు మార్చి. ఒక వేసవి సెలవులంతా ఒక్కొక్కటే తెరిచి చూసి నేను ఈ సంగతి తేల్చాను. ఏడు చాలు.

అందులో గుడ్ల ఆట అవ్వది. పైన నాలుగు కోళ్ళు గుడ్లు వదులుతుంటే కింద బుట్టతో పట్టుకోవాలి. ఆపరేషను కంటికి కట్టు విప్పిన రోజే అవ్వ ఒక కన్ను మూసి ఒకసారి, ఇంకో కన్ను మూసి ఒకసారి ఆడింది. "ఈ కన్ను ఇరవై పట్టె, ఆ కన్ను పన్నెండే పట్టె. దానికి గూడా ఆపరేషను కావల్ల పాపా" అని తనే తీర్పు చెప్పింది. అవ్వకు లెక్క వచ్చు, అంకెలు రాయడం రాదు. అందుకని వంద గుడ్లకొక సుద్దగీత.

నాది సొరంగం ఆట. తల మీద దీపం పెట్టుకున్న చిన్న మనిషి, చేతిలో పలుగు. మొత్తం నలభై గదులు, మూడు ప్రాణాలు. మూడూ పోతే మళ్ళీ మొదటి గదే. ఎక్కడిదాకా వచ్చామో మధ్యలో దాచుకోవడం ఉండదు. పోయిన ఎండాకాలం నేను ముప్పై ఏడో గది దాకా వెళ్ళాను. ముప్పై ఎనిమిదిలో ఏముందో నాకింకా తెలియదు. తెలుసుకోవాలి. నాకున్న కోరికల్లో ఎవరికీ చెప్పనిది అదే. డైరీలో మాత్రం రాసుకున్నాను.

డైరీ తెలుగులో రాస్తాను. మా ప్రౌఢశాలలో, అంటే హైస్కూల్లో, చదువంతా కన్నడమే. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది. అమ్మది హిందూపురం పక్క. నేను నోటితో చెప్పలేనివన్నీ అందులోకి పోతాయి కాబట్టి ఆ డైరీ లావుగా ఉంటుంది.

*

రూపేష్ అన్న పీయూసీ, అంటే ఇంటరు, రెండో సంవత్సరం. చెడ్డవాడు కాదు. కానీ దసరా సెలవుల సంగతి చెప్పాలి.

అప్పుడు నేను వాళ్ళింట్లో నాలుగు రోజులున్నాను. అన్న నాకొక ఫోను ఇచ్చి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, తన జట్టులో చేర్చుకున్నాడు. ఒక పెద్ద దీవి మీదికి అందరం దూకి, తుపాకులు ఏరుకుని కాల్చుకోవాలి. జట్టులో మిగతా ఇద్దరు అన్న స్నేహితులు. నేను వాళ్ళ ముఖాలు చూడలేదు. ముందు పేరడిగారు. తర్వాత "మైక్ ఆన్ చెయ్, మాట్లాడు, మాట్లాడకపోతే ఎట్ల ఆడేది" అన్నారు. అంతలో ఎవరో నన్ను కాల్చారు. ఎక్కడి నుంచి, ఎక్కడి నుంచి అని ముగ్గురూ అరిచారు. భయంతో నా నోట్లోంచి వచ్చింది: "యాడ నుంచి కాలుస్తాండారో తెలీలేదన్నా!"

వాళ్ళు ఎంత నవ్వారంటే ఆట ఆగిపోయింది. ఒకడు ఆట రికార్డింగులోంచి ఆ మాటను కత్తిరించి, కింద డప్పుల మోత పెట్టి అందరికీ పంపాడు. నేను మా ఊరు సాదలికి తిరిగి వచ్చేలోపే అది మా తరగతి వాళ్ళ ఫోన్లలోకి చేరింది. నెల రోజులు బస్‌స్టాపులో ఎవరో ఒకరు వెనక నుంచి "యాడ నుంచి కాలుస్తాండారో" అనేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లోనూ యాడ అనే అంటారు. అయినా నవ్వారు.

అసలే నాకు గొంతు తక్కువ. ఆ నెలలో ఇంకా తగ్గింది. ప్రతి సాయంత్రం క్యాసెట్ పెట్టుకుని సొరంగంలోకి దిగేదాన్ని. అక్కడ నన్నెవరూ పేరడగరు.

*

ఆదివారం పొద్దున రూపేష్ అన్న తన నల్ల గేమ్ పెట్టెను కొత్త టీవీకి తగిలించాడు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"చూడు సహనా, ఇప్పుడు చూడు. దీంట్లో వాన పడితే రోడ్డు మీద నీళ్ళల్లో కార్ల నీడలు గూడా కనపడతాయి. నీ ఆటలో మనిషికి మొహమే లేదు."

తెర మీద ఒక గీత వచ్చింది. అప్‌డేట్ అంట. నలభై జీబీ. అన్న తన ఫోనులోంచి నెట్ ఇచ్చాడు. సాదలిలో నెట్ మిద్దె మీద బాగా వస్తుంది కాబట్టి ఫోనును మిద్దె మీద నీళ్ళ ట్యాంకు మీద పెట్టి వచ్చాడు. గంట గడిచింది. మూడు శాతం. వాడు మళ్ళీ మిద్దె ఎక్కి ఫోనును ఇంకో పక్కకు తిప్పి వచ్చాడు. నాలుగు శాతం.

అవ్వ ఆకు తరగడం ఆపి తొంగి చూసింది. "ఏమిరా రూపేశా, ఇంగా ఉడకలేదా నీ అన్నం?"

"అప్‌డేట్ అవుతాందవ్వా."

"ఈపాటికి నా కోళ్ళు నూరు గుడ్లు పెట్టేవి."

నాకు నవ్వొచ్చింది. అన్న చూశాడు. "నవ్వు, నవ్వు. ఆ డబ్బాతో నీకు ఈ పొద్దే కడాపటి దినం" అన్నాడు, ఆటపట్టించడానికే. అప్పుడే పెద్దనాయన ఫోనులో మాట్లాడుతూ హాల్లోకి వచ్చాడు. మాట్లాడుతున్నది సీనప్పతో. సీనప్ప శిడ్లఘట్ట నుంచి టెంపోలో ఊళ్ళు తిరిగి పాత సామాను కొనే గుజరీ వాడు.

"నాలుగ్గంటలకు రా సీనప్పా. డబ్బా టీవీ ఒగటి, పాత గ్రైండరు ఒగటి. ఆ... ఈడే అరుగు మీద పెట్టుంటాను."

లేచి నిలబడ్డాను.

"పెద్దనాయనా, అది ఉండనీ" అన్నాను.

"ఏమమ్మా?"

"ఏమీ లేదు" అన్నాను.

ఇట్లా ఎన్నిసార్లు 'ఏమీ లేదు' అన్నానో లెక్కపెడితే నా డైరీ చాలదు.

"ఎందుకట్ల మొహం పెట్టుకుంటావు?" అన్నాడు రూపేష్ అన్న. "ఆన్‌లైన్‌లో అడాప్టర్ వస్తాది. తెప్పిస్తాను. నీ ఆటను కొత్త టీవీకే తగిలించుకో."

అది నేను చూశాను. నా స్నేహితురాలు గంగరత్న ఇంట్లో పాత ఆటను అట్లాగే కొత్త టీవీకి తగిలించారు. మనిషి అటూ ఇటూ లాగినట్టు పొట్టిగా, లావుగా అయ్యాడు. అది ఫరవాలేదు. బటన్ నొక్కాక ఒక్క రవ్వ ఆగి ఎగురుతున్నాడు. సొరంగం ఆటలో ఆ ఒక్క రవ్వకే కిందపడి చస్తాం.

"దాంట్లో లేటవుతాది" అన్నాను.

"మిల్లీసెకండ్లే కదే!"

"ఆ మిల్లీసెకండ్లోనే సచ్చేది" అన్నాను. నెమ్మదిగానే అన్నాను, కానీ అన్నాను. వాడు నా వైపు కొత్తగా చూశాడు.

పెద్దనాయన, రూపేష్ కలిసి డబ్బా టీవీని మోసుకెళ్ళి అరుగు మీద పెట్టారు. నేను ఆట పెట్టెను, తీగలను, క్యాసెట్‌ను నా బడి సంచిలో వేసుకున్నాను. టీవీ లేకపోతే అవన్నీ ఉండీ ఏం లాభం?

*

పన్నెండు గంటలకు పురుగులింట్లోంచి అమ్మ కేక వేసింది. "పండినాయి! బిన్నా రండి!"

నాలుగో జ్వరం నుంచి, అంటే కుబుసం విడిచే నాలుగో నిద్ర నుంచి, లేచి ఆకు తిన్న పురుగులు ఏడో రోజో ఎనిమిదో రోజో పండుతాయి, గూడు కట్టడానికి తయారవుతాయి. పండితే ఇంట్లో ఎవరికీ వేరే పని ఉండదు. పండినదాన్ని పండినట్టు ఏరి చంద్రికల మీద వెయ్యాలి. ఆలస్యమైతే తట్టలోనే ఆకుల మధ్య గూడు కట్టేస్తుంది. చంద్రికలంటే మనిషెత్తు వెదురు తట్టలు, వాటి మీద వెదురు బద్దలు చుట్టలు చుట్టలుగా కట్టి ఉంటాయి. మావి తాత కాలంవి. ఊళ్ళో అందరూ ప్లాస్టిక్‌వి కొన్నారు. పెద్దనాయన ప్రతి పంటకూ అదే అంటాడు, ఆ రోజూ అన్నాడు.

"మునినారాయణా, ఇంగా ఈ వెదురేనా? ప్లాస్టిక్‌వి పంపిస్తాను, మడిచి అటక మీద పెట్టుకోవచ్చు."

"వెదురు మీద గూడు బాగా కూర్చుంటాదన్నా" అన్నాడు నాయన. అన్న ముందు నాయన మాట్లాడేది అంతే. ఎదురు చెప్పడు. చెప్పినా నేల చూస్తూ చెబుతాడు. నేను ఆయన కూతుర్నే.

గుమ్మం దగ్గర సున్నం నీళ్ళలో కాళ్ళు తడిపి అందరం లోపలికి వెళ్ళాం. రూపేష్ అన్న లోపల అడుగు పెట్టగానే అవ్వ ముక్కు ఎగబీల్చింది.

"ఏందిరా ఆ వాసన?"

"బాడీ స్ప్రే అవ్వా."

"పురుగులింట్లోకి సెంటు కొట్టుకోని వస్తావా! నడువు బయటికి! పురుగులేమన్నా నీకు పెండ్లి చూపులకు వచ్చిండాయా?"

వాడు పరుగెత్తి బోరు కింద స్నానం చేసి, నాయన పాత పంచె కట్టుకుని వచ్చాడు. వచ్చి నా పక్కన నిలబడి గుసగుసగా అడిగాడు, పండింది ఏదో, పచ్చిది ఏదో ఎట్లా తెలుస్తుందని.

"వెలుతురుకు పెట్టి చూడు. ఒళ్ళు పసుపు తిరిగి అద్దం మాదిరి అవుతాది. తిండి మానేసి తల ఎత్తి ఊపుతాది."

వాడు ఒకటి పట్టుకుని కిటికీ వైపు ఎత్తి చూశాడు. "గ్రాఫిక్స్ బాగుండాయి" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది.

పెద్దనాయన ఈ ఇంట్లోనే పుట్టి పెరిగాడు. అయినా వేళ్ళు మరిచిపోయాయి. "మంజా, అది పచ్చిది. తీసిన తట్టలోనే పెట్టేయ్" అని అవ్వ మూడుసార్లు ఆయన చేతిలోంచి తీసుకుంది.

చంద్రికలు నిండినవి నిండినట్టు పెరట్లో నీడలో ఆనించాం. మూడున్నరకు నాయన ఒక్కొక్కటే మళ్ళీ లోపలికి చేర్చడం మొదలుపెట్టాడు.

"నాలుగున్నరకు తలుపేసేది" అంది అవ్వ. "వేసినాక గూళ్ళు కట్టే ఐదు దినాలు బయటోళ్ళెవరూ లోపలికి లేదు. లోపలి సామాను బయటికి లేదు. మంజా, నీ ఫోను, అది ఇది, ఏమన్నా ఉంటే ఇప్పుడే తీసేసుకో. పోయిన పంటకు ఆ లైన్‌మ్యాను తన కట్టింగ్ ప్లేయరు లోపల మరిచిపోయి, తలుపేసినాక వచ్చి బాగిలి తట్టినాడు. ఐదు దినాలు తాళుకో నాయనా అని పంపించినాను."

మేమందరం ఈ కథ పదిసార్లు విన్నాం. ఆ రోజు నేను దాన్ని మొదటిసారి విన్నట్టు విన్నాను. చేతిలో పురుగు అట్లాగే ఉండిపోయింది.

లోపలి సామాను బయటికి లేదు.

*

ఆకు మోసే దుప్పటి గుమ్మం పక్కనే ఉంది. నాలుగు కొసలు ముడివేస్తే మూట అవుతుంది. రోజూ తోట నుంచి ఆ దుప్పటిలో ఆకు మూట మోసేది నేనే. పెద్దనాయన కాఫీ తాగడానికి ఇంట్లోకి వెళ్ళాడు, రూపేష్ ఇంకా ఏడు శాతమేనని గొణుగుతూ ఫోను తిప్పడానికి మిద్దె ఎక్కాడు. నేను అరుగు దగ్గరికి వెళ్ళి దుప్పటి పరిచి టీవీని దాని మీదికి దొర్లించాను. పైన నాలుగు గుప్పిళ్ళు ఆకు చల్లి ముడి వేశాను. ముడి రెండుసార్లు జారింది.

మూట తల మీదికి ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. ఒంటరిగా ఎత్తుకోలేను. చుట్టూ చూశాను. అమ్మ ఖాళీ తట్ట పట్టుకుని వస్తోంది.

"అమ్మా, ఎత్తు."

అమ్మ ఒక కొస పట్టుకుని ఎత్తింది. ఎత్తి ఆగింది. పురుగులు పండిన రోజు మూటెడు ఆకు అక్కర్లేదని అమ్మకు తెలియదా? దుప్పటి లోపల టీవీ మూల ఆమె చేతికి తగిలే ఉంటుంది. నా ముఖంలోకి చూసింది.

"ఈ పొద్దు ఆకు శానా బరువుగా ఉండాదే" అంది.

"అవునమ్మా."

"జాగ్రత్తగా పో. మెడ విరగ్గొట్టుకోవద్దు."

మూట నా తల మీద పెట్టింది. ఏమీ చూడనట్టు తట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

గుమ్మం దగ్గర దించి ముడి విప్పాను. బట్టను సున్నం నీళ్ళలో తడిపి, గట్టిగా పిండి, టీవీని పైనా కిందా తుడిచాను. నియమం మనుషులకే కాదు. అవ్వ లోపలి మూల నుంచి చూస్తూ ఉంది. మళ్ళీ తల వంచి పురుగులు ఏరుకుంది. చంద్రికలకూ గోడకూ మధ్య కొంచెం జాగా ఉంటే అక్కడ పెట్టి, అద్దం మీద వెలుతురు పడి మెరవకుండా దుప్పటి కప్పాను. ఆట పెట్టె ఉన్న సంచిని కూడా తెచ్చి దాని పైన పెట్టాను.

అప్పుడే టెంపో హారను వినపడింది.

"యాడప్పా టీవీ?" సీనప్ప గొంతు. "గ్రైండరు ఒగటే ఉండాదే!"

పెద్దనాయన బయటికి వచ్చి అరుగు చూశాడు, అరుగు కింద చూశాడు. "ఇప్పుడే ఈడ పెట్టినాను కదా! రూపేశా, లోపలికేమన్నా తీసుకుపోతివా?" రూపేష్ మిద్దె మీద నుంచి లేదన్నాడు. ఫోను తీసుకుని దిగి వచ్చి హాలు చూసి, ఆట పెట్టె కూడా లేదని కనిపెట్టాడు. కనిపెట్టి పెరట్లోకి వచ్చాడు. వెనకే పెద్దనాయన, సీనప్ప.

నేను పురుగులింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాయన ఒక చంద్రిక లోపల పెట్టి చివరిదాని కోసం బయటికి వచ్చాడు. అందరూ నన్నే చూస్తున్నారు. ఇదివరకైతే నేను 'ఏమీ లేదు' అనేదాన్ని.

"లోపల ఉండాది" అన్నాను. "నేనే పెట్టినా."

"ఆ డబ్బానా? పురుగులింట్లోనా?" అన్నాడు పెద్దనాయన. "సరే, ఆటాడింది చాలు. తీసుకురా పో. సీనప్ప కాచుకోనుండాడు."

"తేను."

"ఏమంటివి?"

"తేను పెద్దనాయనా. లోపలికి పోయిన సామాను ఐదు దినాలు బయటికి రాదు. అవ్వ చెప్పింది మీరూ వింటిరి."

సీనప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. "నన్ను మాత్రం లోపలికి రమ్మనొద్దు సామీ. నేను నలభై ఊర్ల మట్టి తొక్కి వచ్చిండేవాణ్ణి. మా ఇంట్లో గూడా పురుగులు మేపుతాము. మళ్ళీ ఈ పక్కకు వచ్చేది నెల దాటినాకే, అప్పుడు చూస్తాంలే." గ్రైండరు టెంపోలోకి ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

పెద్దనాయన ముఖం ఎర్రబడింది. "దానికోసం ఇంత రచ్చా? ఏముండాదమ్మా దాంట్లో? బొమ్మలు గూడా సరిగ్గా కనపడవు. నీ కోసమే కదా ఇంత పెద్ద టీవీ తెచ్చినాను!"

"తెచ్చినారు. మంచిదే. అందరూ చూస్తారు" అన్నాను. అంతటితో ఆపలేదు. "కానీ నాకు అదే కావల్ల. అది నా పేరడగదు. మైక్ ఆన్ చెయ్యమనదు. దినమూ వచ్చి పో అని పిలవదు. అన్న ఆట పొద్దుటి నుంచి వండుతానే ఉండాడు, ఇంగా ఏడు శాతమే. నాది స్విచ్ వేస్తే వస్తాది. దాంట్లో నేను సచ్చిపోతే నా తప్పుకే సస్తాను, ఇంగెవరూ కాల్చరు, ఎవరూ నవ్వరు. నలభై గదులు. నలభై అయిపోతే అయిపోతాది. నేను ముప్పై ఏడు చూసినా. మిగతా మూడూ చూస్తాను."

నా జన్మలో ఒకేసారి అంత మాట్లాడలేదు. రూపేష్ అన్న నోరు తెరిచాడు. నేను వాడి వైపు తిరిగాను.

"యాడ నుంచి కాలుస్తాండారో ఇప్పుడు నాకు తెలుసన్నా. ఇది గూడా కత్తిరించి పంపుకో."

వాడి చేతిలో ఫోను ఉంది. వాడు దాన్ని పంచె మడతలో దోపుకున్నాడు. తల వంచుకున్నాడు.

"చూసినావా మునినారాయణా," అన్నాడు పెద్దనాయన, "నీ కూతురికి నోరొచ్చిండాది."

"ఎప్పుడో రావల్సింది" అంది లోపల నుంచి అవ్వ.

"నువ్వుండమ్మా! మునినారాయణా, చెప్పు దానికి. బయట పెట్టమను. గుజరీ వాడు కాకపోతే నేనే కారులో వేసుకోని పోతాను."

నాయన చివరి చంద్రికను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాని మీద పురుగులు అప్పుడే తలలు తిప్పుతూ మొదటి పోగులు అంటిస్తున్నాయి. పెద్దనాయన చెప్పాడంటే నాయన చేస్తాడు. నాకు తెలుసు.

"తీసుకురా పాపా" అన్నాడు నేల చూస్తూ.

"తేను నాయనా." గుమ్మం పట్టుకున్నాను. "ప్లాస్టిక్‌వి పంపిస్తానని పెద్దనాయన ప్రతి పంటకూ అంటాడు. నువ్వేమి చెప్తావు?"

నాయన తలెత్తాడు. చేతుల్లో ఉన్న వెదురు చంద్రికను చూశాడు, తాత కట్టిన ముడులను. పెద్దనాయన కూడా దాన్నే చూశాడు. పురుగులింట్లో మిగిలిన పురుగులు ఆకు కొరికే చప్పుడు బయటికి వినపడింది.

నాయన నా దగ్గరికి వచ్చాడు. కోపంగా ఉన్నాడో లేదో ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను.

"లోపలి సామాను బయటికి రాదు. అంతేనా?"

"అంతే."

"నువ్వూ లోపలే ఉండావు."

వెనక్కి చూసుకున్నాను. నా రెండు కాళ్ళూ గుమ్మానికి లోపలి పక్కనే ఉన్నాయి.

"ఉండాను" అన్నాను.

"అయితే ఉండు. అవ్వతో బాటు రాత్రికి ఆడే కాచుకో." చంద్రికను నా చేతుల్లో పెట్టాడు. బరువుకు ఒక అడుగు వెనక్కి వేశాను. "చంద్రికల నుంచి గూళ్ళు విప్పేదాకా ఆ టీవీని వెలిగించినావంటే చూడు. వెలుతురుకు పురుగులన్నీ ఒగే మూలకు చేరతాయి."

"నాకు తెలుసు నాయనా. విప్పినాకే."

"విప్పినాకే" అన్నాడు నాయన.

ఆయన వెనక పెద్దనాయన ఏదో అనబోయాడు. నాయన ఆయన వైపు తిరగలేదు. నా ముఖం మీదే తలుపు వేసి, బయట నుంచి గడియ పెట్టాడు.